మొదటి వరుసలో పంతొమ్మిది కుర్చీలు

బుధవారం పొద్దున్న పేర్ల జాబితా చేతికొస్తే సూలాన్ దాన్ని మామూలుగానే పైనుంచి కిందికి చదువుకుంటూ పోయింది. పదకొండేళ్ళుగా చైనాలోని ఆ రైల్వే సాంకేతిక కళాశాల సమావేశ మందిరంలో ఆమె ఉద్యోగమే అది. గులాబీ రంగు అట్టల మీద పేర్లు అచ్చు తియ్యాలి. మధ్యకి మడిచి ప్లాస్టిక్ స్టాండ్లలోకి దూర్చాలి. చైనా లిపిలో రెండక్షరాల పేరైతే మధ్యలో జాగా వదలాలి, లేకపోతే మూడక్షరాల పేర్ల పక్కన బక్కగా కనబడి ఆ పేరుగల పెద్దమనిషి నొచ్చుకుంటాడు. ఒక్కో పేరు ముందు ఒక్కో మూతకప్పు పెట్టాలి, సభ నడిచినంతసేపూ పావుగంటకోసారి వేణ్ణీళ్ళ ఫ్లాస్కుతో వెళ్ళి చప్పుడు కాకుండా కప్పులు నింపాలి. ఇన్నేళ్ళలో ఎన్ని వేల పేర్లు మడిచిందో, ఒక్కటీ ఆమెకి గుర్తులేదు. పేరు మడిచే మనిషికి పేరుతో పనేమిటి?

సగం జాబితా దాకా వచ్చి ఆగిపోయింది. "హావ్ దెషాన్, విశ్రాంత మేస్త్రీ, వర్క్‌షాపు. మొదటి వరుస, విదేశీ అతిథికి కుడిపక్క."

హావ్ దెషాన్ ఆమె కన్నతండ్రి.

కాగితం పట్టుకుని ఆఫీసు డైరెక్టరు లువాన్ గదికి వెళ్ళింది. లువాన్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. పని పడితే "సూలాన్ అక్కా" అంటాడు, పడకపోతే "సూలాన్" అంటాడు. ఆవేళ అక్కే అన్నాడు.

"తప్పు కాదక్కా, నిజమే. ఆ టాంజానియా పెద్దమనిషి ఉత్తరంలో రాశాడు. కళాశాల అరవయ్యో వార్షికోత్సవానికి తప్పకుండా వస్తాను, నాకు లేతు మెషీను నేర్పిన హావ్ మేస్త్రీ పక్కన కూర్చోబెట్టండి, ఇంకేమీ అక్కర్లేదు అని. విదేశీ అతిథి కోరాక కాదంటామా?"

ఆ మధ్యాహ్నం కొర్ర జావ, ఆవిరి రొట్టె ముందుపెట్టి సూలాన్ తండ్రికి ఆ సంగతి చెప్పింది. ముసలాయన వెల్లుల్లి ఊరగాయ నములుతూ కూతురి మొహంలోకి అనుమానంగా చూశాడు. ఎనభై ఒకటో ఏడు నడుస్తున్నా కొలత తేడా వస్తే ఇప్పటికీ ఎదుటివాణ్ణి వదలడు. పక్కింటివాళ్ళ తలుపు అర అంగుళం కుంగిందని కిందటి నెలే తగువు పెట్టుకున్నాడు.

"మొదటి వరుసలోనా? నన్నా? కళ్ళద్దాలు పెట్టుకునే చూశావా?"

"అట్ట నేనే అచ్చు తీశాను నాన్నా."

"కార్యదర్శులూ కమిషనర్లూ కూర్చునేచోట నేనేం చెయ్యను? వాళ్ళ భాష నాకు రాదు."

"చిన్న లూ పక్కనే నీ కుర్చీ. ఆయనతో మాట్లాడుకో."

చిన్న లూ అంటే లుసెకెలో. ఆ పేరు నోరు తిరక్క వర్క్‌షాపు మొత్తం నలభై ఒక్కేళ్ళ కిందట శిక్షణకొచ్చిన ఆ టాంజానియా కుర్రాణ్ణి అలాగే పిలిచింది. సూలాన్‌కి అప్పుడు నాలుగేళ్ళు. అతని భుజాలమీద కూర్చుంటే వర్క్‌షాపు కిటికీలో బొగ్గు కుప్పలు కనబడేవి, అంతవరకే జ్ఞాపకం.

తండ్రి జావ తాగి గిన్నె బోర్లించి మంగలి దగ్గరికి బయల్దేరాడు. పదిరోజుల కిందటే చేయించుకొచ్చాడు మరి. సూలాన్ నవ్వుకుంది కానీ గుర్తుచెయ్యలేదు.

గురువారమంతా కోటు పని పెట్టుకున్నాడు. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండగానే పాత అలవాటు చొప్పున పింగాణీ పూత రేకు మగ్గులో మరిగే నీళ్ళు పోసి, దాని అడుగుతో రుద్దాడు. చల్లారితే పారబోసి మళ్ళీ నింపాడు. "కరెంటు ఇస్త్రీకి ఒత్తిడి తెలీదు" అన్నాడు అడగకుండానే. సూలాన్ మొగుడు గూడ్సు రైలు డ్రైవరు. డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి "మామయ్యకి పెళ్ళా ఏమిటి?" అని నవ్వి వెళ్ళాడు. ముసలాయన వినబడనట్టు కోటు రెండో చెయ్యి రుద్దడం మొదలెట్టాడు.

"ఏమని పలకరిస్తావు నాన్నా ఆయన్ని?"

"ముసలాడివైపోయావురా అంటాను. ఇంకేం ఉంటుంది అనడానికి?"

కానీ స్నానాల గదిలో నీళ్ళు తిప్పి ఆ మాటనే నాలుగైదు రకాలుగా అనుకోవడం సూలాన్‌కి వినబడింది.

శుక్రవారం మధ్యాహ్నం మందిరంలో ఆఖరి సర్దుళ్ళు. మొదటి వరుస బల్లల మీద ఆ చివర్నించి ఈ చివరికి దారం లాగి, కప్పులన్నీ ఆ దారానికి తాకేలా సూలాన్ జరుపుతోంది. కప్పు పిడి కూర్చునేవాడి కుడిచేతికి అందేలా ఉండాలి. లువాన్ వెనకే నడుస్తూ కళ్ళు చిట్లించి ఒక్కో పేరూ చూసుకుంటున్నాడు. అప్పుడు అతని ఫోను మోగింది. వింటూ వింటూనే మనిషి నిటారుగా అయిపోయాడు. "తప్పకుండా. ఆయన రావడం మా అదృష్టం. తప్పకుండా" అని పెట్టేసి, వరుసకేసి చూసి నెత్తి గోక్కున్నాడు.

"రాష్ట్ర శాఖ నుంచి ఇంకో ఉప కమిషనరు వస్తున్నాడు."

"కుర్చీ వేసేద్దాం సార్. జాగా ఉంది."

"జాగా కాదు సమస్య. ఇప్పుడు పంతొమ్మిది. మన కళాశాల పార్టీ కార్యదర్శి గారు పదో కుర్చీలో, నట్టనడిమిన. ఇరవై అయితే నడిమి కుర్చీ ఏది? ఇద్దరు పంచుకోవాలి. ఆయన ఊరుకుంటాడా?"

"ఇరవై ఒకటి చేద్దాం."

"ఇంకొకణ్ణి ఎక్కణ్ణించి తేను? ఆ స్థాయి మనిషి కావద్దూ? రేపటికి దొరుకుతాడా?"

లువాన్ వరుస పొడుగునా నడిచాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఎవరి పేరు ముందు ఎంతసేపు ఆగుతున్నాడో సూలాన్ చూస్తూనే ఉంది. హోదా ఉన్న పేర్ల ముందు ఆగనే లేదు. చివరికి ఎక్కడ ఆగుతాడో ఆమెకి ముందే తెలిసిపోయింది.

"అక్కా" అన్నాడు. "మీ నాన్నగారి పెద్దమనసు నాకు తెలుసు. ఏమీ అనుకోరు."

"వెనక వరుసల్లో ఎక్కడైనా..."

"ఎనభై దాటిన మనిషిని విద్యార్థుల మధ్య కూర్చోబెడతామా? అది అవమానం. దానికన్నా పిలవకపోవడమే మర్యాద. జ్ఞాపిక సంచీ నేనే ఇంటికి పంపిస్తాను, అందులో మంచి ఫ్లాస్కుంది. నువ్వే నెమ్మదిగా చెప్పు. కూతురివి, నీకైతే ఎలా చెప్పాలో తెలుస్తుంది."

డిసెంబరులో ఆమె కాంట్రాక్టు మళ్ళీ రాయాలి, దానిమీద సంతకం పెట్టేది లువానే. అతను ఆ మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. సూలాన్ తండ్రి పేరు స్టాండులోంచి లాగి ఏప్రను జేబులో పెట్టుకుని, అక్కడ కొత్త పేరు దూర్చి, చెదిరిన కప్పుని మళ్ళీ దారానికి తాకించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఇంటికొచ్చేసరికి ముసలాయన కోటు తలుపుకి తగిలించి, జోళ్ళు తుడిచి కింద జతగా పెట్టి ఉన్నాడు.

"రేపెన్నింటికి? నడిచొచ్చేస్తాను. గట్టిగా ఏడు నిమిషాలు."

నడిచి వస్తే గేటు దగ్గర జాబితా పట్టుకుని కూర్చున్న కాపలావాళ్ళు పదిమందిలో ఆపేస్తారు. ఆ దృశ్యం కళ్ళముందు మెదిలి సూలాన్ నోటికొచ్చింది అనేసింది.

"నడవకు నాన్నా. కారు పంపుతారట."

"కారా?" అని ఆయన చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపోయాడు. ఆ మొహం చూశాక అసలు మాట చెప్పలేకపోయింది. పొద్దున్నే చెబుదాం అనుకుంది. పొద్దున్న ఆయన లేవకముందే తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి డ్యూటీకి వెళ్ళిపోయింది. పిరికితనానికి తెలివితేటలెక్కువ, అది ఎప్పుడూ రేపటినే చూపిస్తుంది.

శనివారం తొమ్మిదిన్నరకి సభ మొదలైంది. బ్యాండు వాయించారు, అందరూ లేచారు, కూర్చున్నారు. లుసెకెలో మొదటి వరుసలో కార్యదర్శి పక్కన కూర్చున్నాడు. ఎత్తరి. జుట్టు పూర్తిగా నెరిసింది. నల్ల సూటు, గుండెల మీద అతిథులకి గుచ్చే ఎర్ర గుడ్డపువ్వు. కప్పు నింపడానికి సూలాన్ వంగినప్పుడు ఆమెని గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? నాలుగేళ్ళ పిల్లకి ఇప్పుడు నలభై అయిదు. అతను మాత్రం ప్రసంగం వినకుండా మాటిమాటికీ కుడిపక్క పేరుకేసి చూస్తున్నాడు. అక్కడ ఉప కమిషనరు గారు కూర్చుని ఫోనులో ఏదో చదువుకుంటున్నారు.

విరామంలో అతను లువాన్‌ని పిలిచాడు. అతనికొచ్చిన చైనా భాష వర్క్‌షాపులో నేర్చింది. మొరటుగా, ఆ ఊరి యాసతో, సూటుకి బొత్తిగా అతక్కుండా ఉంది.

"మా మేస్త్రీ ఏడయ్యా?"

"హావ్ మేస్త్రీకి ఒంట్లో బాగాలేదండి" అన్నాడు లువాన్, తడుముకోకుండా.

ఆ ఊళ్ళో ఆ మాట రోజుకి వందసార్లు వినబడుతుంది. రానివాడికీ, పిలవనివాడికీ, అలిగినవాడికీ ఒక్కటే మందు: ఒంట్లో బాగాలేదు. విన్నవాడు అయ్యో పాపం అని వదిలేస్తాడు, ఎవరి పరువూ పోదు. ఊళ్ళో పుట్టినవాడెవడూ రెండో ప్రశ్న వెయ్యడు. లుసెకెలో ఊళ్ళో పుట్టినవాడు కాదు.

"ఏ ఆస్పత్రి?"

"అంటే... ఇంట్లోనేనండి. మంచం మీద. కొంచెం నీరసం."

"మంచం పట్టాడా?" లుసెకెలో కప్పు మూత పెట్టేశాడు. "అయితే మధ్యాహ్నం పోదాం. మేస్త్రీ మంచంలో ఉంటే శిష్యుడు చూడకుండా పోతాడా? మీ పద్ధతే కదా అది, ఆయనే నేర్పాడు నాకు."

కార్యదర్శి ఇటు తిరిగాడు. మాట చెవినపడి మొహం వెలిగిపోయింది. "ఎంత మంచి మాటన్నారు. నేనూ వస్తాను. లువాన్, ఫోటోగ్రాఫర్ని తీసుకురా. గురుభక్తి, దేశాల స్నేహం, మన వార్తాపత్రికకి మొదటి పేజీ అదే. నాలుగింటికి ఒప్పందం సంతకాలున్నాయి, రెండున్నరకి వెళ్ళొద్దాం."

పక్కనే ఫ్లాస్కు పట్టుకుని సూలాన్ నిలబడి ఉంది. మా నాన్నకేం లేదు, ఏడు నిమిషాల దూరంలో కోటేసుకుని కూర్చున్నాడు అని అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి తీసుకుంది కూడా. లువాన్ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. కప్పు నింపి పక్కకి జరిగింది.

వసారాలో లువాన్ ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. చెమట్లు కారిపోతున్నాయి. "అక్కా, నా కొంప నువ్వే నిలబెట్టాలి. కార్యదర్శి ముందు అబద్ధమాడినవాణ్ణవుతాను, అదీ విదేశీయుడి ఎదుట. పదినిమిషాలు. మీ నాన్నగారు పదినిమిషాలు పడుకుంటే చాలు. ఇక డిసెంబరు సంగతి నువ్వు మర్చిపో, అది నా పూచీ."

ఇంతసేపటికి ఆ మాట ఎత్తాడు.

సూలాన్ ఇంటికి వెళ్ళేసరికి తండ్రి గుమ్మం పక్క స్టూలు మీద కోటు గుండీలన్నీ పెట్టుకుని, ముడతలు పడకుండా వీపు గోడకి ఆనించకుండా కూర్చుని ఉన్నాడు. ఎనిమిదింటినుంచీ అలాగే ఉన్నాడు. మధ్యాహ్నం తినలేదు, కోటు మీద పడుతుందని.

"కారు దారి తప్పినట్టుంది" అన్నాడు.

ఆమె నిలబడే అంతా చెప్పేసింది. పంతొమ్మిది, ఇరవై, ఉప కమిషనరు, జేబులో పెట్టుకున్న అట్ట, కారు అబద్ధం, ఇప్పుడు పడుకోవాల్సిన పదినిమిషాలు. చెబుతున్నంతసేపూ ఆయన జోళ్ళకేసి చూస్తున్నాడు. కోప్పడతాడనుకుంది. తలుపు బద్దలయ్యేలా అరిస్తే బాగుండుననుకుంది కూడా.

"డిసెంబరులోనా నీ కాంట్రాక్టు?" అనడిగాడు.

"అవును."

కోటు గుండీలు పైనుంచి ఒక్కొక్కటే విప్పడం మొదలెట్టాడు. విప్పి, మడతల మీద మడత పెట్టి కుర్చీ మీద ఉంచాడు. "ఏ గదిలో పడుకోమన్నాడు?"

రెండింటికి లువాన్ కళాశాల వైద్యశాల నర్సుని పంపాడు. ఆవిడ సెలైను సీసా, ఇనప స్టాండు మోసుకొచ్చింది. సూది చూడగానే ముసలాయన చెయ్యి లాక్కున్నాడు. "పడుకోమన్నారు, పడుకున్నాను. పొడవమని ఎవరన్నారు?" నర్సు నవ్వాపుకుని, సూది లేకుండా గొట్టాన్ని చేతిమీద పెట్టి తెల్ల పట్టీ అంటించింది. గొట్టానికి బిగింపు వేసేసి దుప్పటి గడ్డం దాకా కప్పింది. "కొంచెం కళ్ళు మూసుకోండి తాతగారూ, మరీ బావున్నట్టు కనబడుతున్నారు" అంది. మరో రోజైతే సూలాన్ కూడా నవ్వేది.

రెండున్నరకి మెట్లమీద అడుగుల చప్పుడు. ముందు కార్యదర్శి, వెనక లువాన్, ఫోటోగ్రాఫరు, చివర రంగుకాగితం చుట్టిన పెద్ద పళ్ళబుట్టతో లుసెకెలో. బుట్ట మోస్తామని ఎవరెంత అడిగినా ఇవ్వలేదట. ఆ చిన్న గది మనుషులతో నిండిపోయింది.

మంచంలో కదలిక చూసి కార్యదర్శి కంగారుగా చేతులూపాడు. "లేవకండి, లేవకండి, మేస్త్రీ గారూ. విశ్రాంతి తీసుకోండి."

"లేవకండి" అన్నాడు లువాన్ కూడా.

లుసెకెలో బుట్ట కిందపెట్టి మంచం అంచున కూర్చున్నాడు. మంచం కిర్రుమంది. "మేస్త్రీ గారూ, నేను. లూని."

ముసలాయన కళ్ళు తెరిచాడు. మూడురోజులు సాధన చేసిన మాట ఏదీ రాలేదు. "లావయ్యావురా" అన్నాడు గట్టిగా. "అక్కడ ఏం పెడుతున్నారు నీకు?" అన్నాక జబ్బు గుర్తొచ్చి, గొంతు తగ్గించి రెండుసార్లు దగ్గాడు. దగ్గడం ఆయనకి చాతకాలేదు.

లుసెకెలో నవ్వబోయి ఆగాడు. మేస్త్రీ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. పట్టీ మీద చూపు నిలిచింది. గొట్టం వెంట పైకి, సీసా దాకా పోయింది, అక్కణ్ణించి కుర్చీ మీద మడతపెట్టిన కోటు మీదికీ, కింద జతగా పెట్టిన జోళ్ళ మీదికీ వచ్చింది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని, దానిమీద నుదురు ఆనించాడు. భుజాలు కదలడం మొదలైంది. అంత పెద్దమనిషి అలా చప్పుడు లేకుండా ఏడుస్తుంటే గదిలో ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. ఫోటోగ్రాఫరు మాత్రం రెండోవైపుకి వెళ్ళి వంగి నాలుగు తీసుకున్నాడు.

"చిన్న లూ" అన్నాడు ముసలాయన. "ఒరేయ్. ఊరుకోరా."

దుప్పటిలోంచి రెండో చెయ్యి బయటికొచ్చింది, శిష్యుడి తల దాకా వెళ్ళింది. తండ్రి ఇప్పుడు లేచి కూర్చుంటాడని సూలాన్ అనుకుంది. లేవనీ, ఏమైతే అదవనీ అని కూడా ఒక్క క్షణం అనుకుంది. ఆయన తలెత్తి గుమ్మంలో ఉన్న కూతురికేసి చూశాడు. మళ్ళీ దిండు మీదికి వాలిపోయాడు.

"సంతకాలకి వేళవుతోందండీ" అన్నాడు లువాన్.

అందరూ వెళ్ళాక సూలాన్ పట్టీ ఊడదీసి, స్టాండు బయట పెట్టి వచ్చింది. "ఇక లే నాన్నా. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"వాడేడ్చాడు, చూశావా?"

"చూశాను."

"అంత దూరం ఆ దిగులు మోసుకుని పోతాడు, మేస్త్రీ పోతున్నాడని. ఇంకెన్నాళ్ళు నేనున్నా వాడికి పోయినవాణ్ణే." దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. "రేపు రైలెక్కేలోగా చెప్పమ్మా వాడికి. నాకేం లేదని చెప్పు. నీకు కుదిరితేనే."

ఆ పూట ఆయన లేవలేదు. జావ చల్లారిపోయింది.

ఆదివారం ఏడింటికి అతిథిగృహంలో గదులకి వేణ్ణీళ్ళ ఫ్లాస్కులు అందించడం సూలాన్ పని కాదు. డ్యూటీలో ఉన్న ఆవిణ్ణి బతిమాలి ఆమె ఫ్లాస్కు తను తీసుకుంది. లుసెకెలో సూటుకేసు మూసి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కింద కారు దగ్గర లువాన్ డ్రైవరుతో మాట్లాడటం పైకి వినబడుతోంది. ఫ్లాస్కు బల్లమీద పెట్టి, రెండు చేతులూ ఏప్రనుకి తుడుచుకుంది.

"బాబాయ్" అంది. "నేను హావ్ మేస్త్రీ కూతుర్ని. సూలాన్‌ని."

అతను లేచి నిలబడ్డాడు. "నిన్న గుమ్మంలో నిన్ను చూశాను. నా భుజాలమీద ఎక్కి నా చెవులు పట్టుకునేదానివి."

"నాన్నకి ఏ జబ్బూ లేదు బాబాయ్. ఆయన్ని పిలవలేదు. కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మీకు చెప్పిన అబద్ధం నిలబెట్టడానికి పడుకోమన్నారు. పడుకోమని అడిగింది నేనే." గుక్క తిప్పుకోకుండా అనేసింది. "మీరు దిగులు పెట్టుకోవద్దని చెప్పమన్నారు."

అతను ఆశ్చర్యపోలేదు. కిటికీ రెక్క నెమ్మదిగా దగ్గరికి వేశాడు.

"తెలుసమ్మా. సీసాలో ఒక్క చుక్క కదల్లేదు. కొత్త క్షవరం, ఇస్త్రీ కోటు, మంచం పట్టిన మనిషికి అవెందుకు? పైగా ఆయన చెయ్యి నా చేతిని నలిపేసింది."

"తెలిసే ఏడ్చారా?"

"జబ్బుకైతే ఏడ్చేవాణ్ణి కాదు. మా వర్క్‌షాపులో ఆయన మంత్రినైనా నిలబెట్టి తిట్టే మనిషి. ఆయన్ని పడుకోబెట్టారు, అదీ నా మూలంగా. నేను రాకపోతే ఆయన ఇంట్లో హాయిగా కుర్చీలో కూర్చునేవాడు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు బాబాయ్?"

లుసెకెలో సూటుకేసు పిడి మీద చెయ్యి వేశాడు. కింద లువాన్ "అతిథిగారు దిగారా?" అని అడగడం వినబడింది.

"నిన్న నాలుగింటికి సంతకాలు కదా" అన్నాడు. "ఏటా మా పిల్లలు పదిమందికి ఇక్కడ చదువు. ఆ కాగితం కోసం మూడేళ్ళు తిరిగాను. రెండున్నరకి కార్యదర్శి పరువు తీస్తే నాలుగింటికి ఆయన పెన్ను పట్టుకుంటాడా?" అతను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "మేస్త్రీకి ఈ మాట చెప్పు. దాచకు."

సూలాన్ తొందరతొందరగా ఇంటికి నడిచింది. మనసు తేలికపడింది. తండ్రిని మోసగాడనుకుని శిష్యుడు వెళ్ళలేదు, దిగులు మోసుకుని కూడా వెళ్ళలేదు. ఆ మాట వింటే ముసలాయన లేస్తాడు, జావ తాగుతాడు, సీసా కదల్లేదని కనిపెట్టిన శిష్యుణ్ణి చూసి గర్వపడతాడు కూడా. దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చింది.

ఆయన లేచే ఉన్నాడు. మంచం అంచున, కాళ్ళు నేలకి ఆనించి, బనీనుతో కూర్చున్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను నాన్నా. ఆయనకి ముందే తెలుసు. గదిలో అడుగుపెట్టిన నిమిషంలోనే కనిపెట్టేశాడు. దిగులేం పెట్టుకోలేదు."

ఆయన మొహంలో గర్వం కోసం చూసింది. అది రాలేదు.

"తెలిసీ లెమ్మనలేదా నన్ను?"

ఆమె సంతకాల సంగతి చెప్పింది. పదిమంది పిల్లలు, మూడేళ్ళు తిరగడం, దాచకు అన్న మాట. ఆయన తలూపుతూ విన్నాడు. నిజాయితీగానే విన్నాడు.

"పదిమందికి చదువంటే మంచిదే" అన్నాడు. "మంచిపని. వాడి స్థానంలో నేనున్నా అంతే చేసేవాణ్ణి."

తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"వాడికి పదిమంది పిల్లలున్నారు. లువాన్‌కి పంతొమ్మిది కుర్చీలున్నాయి. నాకేముందే అమ్మా? ఎనభై ఒక్కేళ్ళవాణ్ణి, నన్నిప్పుడు ఎవరేం చెయ్యగలరు? కాళ్ళు బాగానే ఉన్నాయి. ఒక్కసారి లేచి కూర్చుంటే అయిపోయేది. వాడు అక్కడ ఏడుస్తుంటే నేనెందుకు లేవలేదు?"

కోపంగా అడగలేదు. కొలత ఎక్కడ తప్పిందో తెలియక నిజంగానే కూతుర్ని అడుగుతున్నాడు. ఆ జవాబు తనూ, డిసెంబరులో తన కాంట్రాక్టూ అని సూలాన్‌కి తెలుసు. నిన్నటి జావ గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.